‘విశేషమేమన్నా ఉందా?’... ఆమెనొక్కదాన్నే అడిగితే ఎలా?

పెళ్ళయి ఆరు నెలలు తిరక్కముందే మొదలవుతుంది. బతుకమ్మ ఆడేచోట, పెళ్ళి భోజనాల దగ్గర, ఆఖరికి కూరగాయల బండి దగ్గర కూడా. "ఏమ్మా, విశేషమేమన్నా ఉందా?" ఏడాది దాటితే అదే ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు. మూడేళ్ళు దాటితే అడగడం మానేసి, శ్రీమంతాలకి పిలవడం తగ్గిస్తారు.

గమనించారో లేదో, ఈ ప్రశ్న ఎప్పుడూ కోడలికే. అల్లుడిని పక్కకు పిలిచి అడిగినవాళ్ళు కనబడరు. పిల్లలు లేని ఆడమనిషిని తిట్టడానికి మనకు ‘గొడ్రాలు’ అనే మాట ఉంది. అదే పరిస్థితిలో ఉన్న మగవాడికి అంత వాడుకలో ఉన్న మాట ఒకటి చెప్పండి చూద్దాం. వెంటనే నోటికి రాదు.

మాట ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. ఆ మాట వెనకున్న నమ్మకం వైద్యాన్ని కూడా పక్కదారి పట్టిస్తోంది. అదీ అసలు నష్టం. స్కానింగులు ఆమెకే, సూదులు ఆమెకే, ఉపవాసాలు ఆమెకే, పసరు మందులూ ఆమెకే. ఆయన వంతు వచ్చేసరికి నాలుగైదేళ్ళు గడిచిపోతాయి. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. 29 నుంచి 34కి వెళ్ళిన వయసు మాత్రం వెనక్కి రాదు. సంతానం విషయంలో అన్నిటికన్నా ఖరీదైనది కాలమే. అందుకే ఎప్పుడు, ఎవరు, ఏ వరుసలో పరీక్షలు చేయించుకోవాలో తెలిసి ఉండాలి.

మీరొక్కరే కాదు

2024 ఏప్రిల్ 19 గుర్తుందా? హైదరాబాద్ శివార్లలోని చిలుకూరు బాలాజీ గుడిలో సంతానం కోరేవారికి గరుడ ప్రసాదం ఇస్తారన్న వార్త పాకింది. వేలాది మంది బయల్దేరారు. ఆ దారిలో కిలోమీటర్ల కొద్దీ వాహనాలు ఆగిపోయాయి. టీవీల్లో అందరూ ట్రాఫిక్ గురించే మాట్లాడారు. ఆ కార్లలో కూర్చున్న జంటల గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. దేవుణ్ణి నమ్మడంలో తప్పేమీ లేదు. కానీ అంతమంది ఒకే రోజు రోడ్డెక్కారంటే ఈ బాధ ఎన్ని ఇళ్ళల్లో గుట్టుగా ఉందో అర్థమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రతి ఆరుగురు పెద్దవాళ్ళలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. ధనిక దేశం, పేద దేశం అన్న తేడా పెద్దగా లేదు. కాబట్టి ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. షుగరు, బీపీల్లాగే ఒక ఆరోగ్య సమస్య.

‘ఏడాది’ని ఎలా లెక్కపెట్టాలి?

ఏ జాగ్రత్తలూ వాడకుండా, క్రమంగా కలిసి ఉంటూ 12 నెలలు గడిచినా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటారు. ఆమె వయసు 35 దాటితే ఆరు నెలలకే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. నెలసరి అసలు రాకపోయినా, రెండు మూడు నెలలకోసారి వస్తున్నా, ఇదివరకు పొత్తికడుపు ఆపరేషన్లు అయి ఉన్నా అంతవరకూ కూడా ఆగక్కర్లేదు.

ఇక్కడ మన ప్రాంతానికి చెందిన చిక్కు ఒకటుంది. మాది హన్మకొండ సుబేదారి. నిజాం కాలంలో సుబేదారు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు కలెక్టరేటూ, ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉన్న చోటు. మాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వాళ్ళ ఇళ్ళల్లో ఒకరు ఇక్కడ, ఒకరు గచ్చిబౌలిలో ఉండటం మామూలే. శనివారం పొద్దున కాజీపేటలో దిగడం, ఆదివారం రాత్రి మళ్ళీ రైలెక్కడం. కొంచెం లెక్క వేద్దాం. తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అది బతికేది ఒక్క రోజు. వీర్యకణాలు ఆమె శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. అంటే నెలలో గర్భం రాగలిగేది ఆరు రోజుల్లోనే. అందులోనూ ఆఖరి రెండు మూడు రోజుల్లో అవకాశం ఎక్కువ. రెండు వారాలకోసారి ఇంటికొచ్చే భర్తకి ఆ ఆరు రోజులూ పూర్తిగా తప్పిపోవచ్చు. వారం వారం వచ్చినా శనివారం ఆ ఆరు రోజుల అంచున పడొచ్చు. ఇలా ఏడాది గడిచిందంటే అది జబ్బే కానక్కర్లేదు, క్యాలెండర్ కూడా కావొచ్చు.

దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో ఈ లెక్క ఇంకా కఠినం. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చే మనిషి, పెళ్ళయిన ఆరేళ్ళలో భార్యతో గడిపింది మొత్తం ఆరు నెలలు. వైద్యం లెక్కలో అది ఏడాది కూడా కాదు. కానీ ఊరి లెక్కలో ఆరేళ్ళు. మధ్యలో ‘గొడ్రాలు’ అనిపించుకునేది ఆమె. ఇలాంటి ఇళ్ళవాళ్ళు సెలవు మొదటి వారంలోనే ఇద్దరికీ ప్రాథమిక పరీక్షలు చేయించుకుంటే, తిరుగు ప్రయాణంలోగా ఏదో ఒక దారి తెలుస్తుంది.

ఆమెలో కారణాలు ఏమిటి?

గర్భం రావాలంటే నాలుగు పనులు సరిగ్గా జరగాలి. అండం విడుదల కావాలి. ట్యూబులు తెరిచి ఉండాలి. గర్భసంచి లోపలి పొర పిండాన్ని నిలుపుకోవాలి. ఆరోగ్యమైన వీర్యకణాలు అందాలి. మొదటి మూడూ ఆమె వైపు, నాలుగోది ఆయన వైపు.

అండం విడుదల కాకపోవడానికి ఎక్కువగా కనబడే కారణం పీసీఓఎస్. మనవాళ్ళు పీసీఓడీ అనీ, ‘నీటి బుడగలు’ అనీ అంటారు. నిజానికి అవి నీటి బుడగలు కావు, పూర్తిగా ఎదగక ఆగిపోయిన అండాల సంచులు. పిల్లల్ని కనే వయసు మహిళల్లో నూటికి 6 నుంచి 13 మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నెలసరి ఆలస్యం కావడం, ముఖం మీద వెంట్రుకలు, మొటిమలు, బరువు పెరగడం దీని గుర్తులు. సన్నగా ఉన్నవాళ్ళకీ రావొచ్చు. పీసీఓడీ ఉంటే పిల్లలు పుట్టరని భయపెట్టేవాళ్ళ మాట నమ్మకండి. సంతానలేమి కారణాల్లో మాత్రలకు బాగా లొంగేది ఇదే. థైరాయిడ్ తేడాలు, ప్రొలాక్టిన్ హార్మోన్ పెరగడం వల్ల కూడా అండం విడుదల ఆగుతుంది. ఈ రెండూ రక్త పరీక్షతో తెలుస్తాయి, మాత్రలతో అదుపులోకి వస్తాయి.

ట్యూబులు మూసుకుపోవడానికి ఇన్‌ఫెక్షన్లు ప్రధాన కారణం. మన దేశంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది టీబీ. టీబీ అంటే దగ్గే అనుకుంటాం. అది ట్యూబులకీ, గర్భసంచి లోపలి పొరకీ కూడా పాకుతుంది. చాలామందిలో దగ్గు, జ్వరం ఏమీ ఉండవు. పిల్లలు ఎందుకు పుట్టడం లేదని వెతికినప్పుడే బయటపడుతుంది. ప్రభుత్వాసుపత్రుల్లో టీబీ పరీక్షలు, మందులు ఉచితం. ఆలస్యమైతే టీబీ తగ్గినా మూసుకుపోయిన ట్యూబులు తెరుచుకోకపోవచ్చు. లైంగికంగా సోకే క్లమీడియా లాంటి ఇన్‌ఫెక్షన్లు, శుభ్రత లేని చోట చేయించుకున్న అబార్షన్లు కూడా ట్యూబుల్ని పాడుచేస్తాయి.

మూడోది ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట, అండాశయాల మీదా ట్యూబుల దగ్గరా పెరగడం. ప్రతి పది మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. దీని ముఖ్య లక్షణం నెలసరిలో భరించలేని నొప్పి. మరి మనం ఏమంటాం? "పెళ్ళయితే తగ్గుతది", "ఒక కాన్పయితే పోతది". ఆ ఒక్క కాన్పుకే ఈ జబ్బు అడ్డమన్న సంగతి ఎవరూ చెప్పరు. కాలేజీకి వెళ్ళలేనంత, ఆఫీసుకు సెలవు పెట్టేంత నొప్పి మామూలు నొప్పి కాదు. డాక్టర్‌కి చూపించాలి.

గర్భసంచిలో గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్లు ఉన్న ప్రతివాళ్ళకీ పిల్లలు పుట్టరనేది అబద్ధం. గడ్డ ఎంత పెద్దది అన్నదానికన్నా ఎక్కడుంది అన్నది ముఖ్యం. లోపలి పొరలోకి పొడుచుకొచ్చినవి ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఇక స్కానింగ్ రిపోర్టులో ‘గర్భసంచి వెనక్కి తిరిగి ఉంది’ అని రాస్తే కుంగిపోయేవాళ్ళు చాలామంది. సుమారు ఐదుగురిలో ఒకరికి అది పుట్టుకతోనే అలా ఉంటుంది. దానంతటది సంతానలేమికి కారణం కాదు.

అన్నిటికీ వెనక వయసు ఉంది. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో పది, ఇరవై లక్షల అండాలుంటాయి. పెద్దమనిషి అయ్యేసరికి అవి మూడు, నాలుగు లక్షలకు తగ్గుతాయి. కొత్తవి పుట్టవు. 30 ఏళ్ళ ఆరోగ్యవంతురాలికి ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నూటికి 20 వరకు ఉంటే, 40 ఏళ్ళకి అది 5 లోపుకి పడిపోతుంది. 35 తర్వాత తరుగు వేగం పెరుగుతుంది. ఇది చెప్పి ఎవరినీ పెళ్ళి పీటల వైపు తరమాలని కాదు. ఫ్లాటు లోను, ఆన్‌సైట్ అవకాశం, ప్రమోషన్ లెక్కలు వేసుకునేటప్పుడు ఈ లెక్క కూడా కాగితం మీద ఉండాలని.

కొన్నిసార్లు పరీక్షలన్నీ బాగానే ఉంటాయి, అయినా గర్భం రాదు. కారణం తెలియకపోవడం అంటే కారణం ఆమె అని కాదు.

ఆయన పరీక్ష ఆఖరున ఎందుకు?

పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక లోపం కనిపిస్తుంది. కొన్నిసార్లు అదొక్కటే కారణం, కొన్నిసార్లు ఇద్దరి వైపూ కారణాలుంటాయి. దాన్ని తెలుసుకునే వీర్య పరీక్షకు అయ్యేది కొన్ని వందల రూపాయలు. సూది లేదు, మత్తు లేదు, నొప్పి లేదు. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. ఆమెకు చేసే ట్యూబ్ టెస్టులో గర్భసంచిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు, నొప్పి కూడా ఉంటుంది. ల్యాపరోస్కోపీ అయితే మత్తిచ్చి పొట్టకు రంధ్రాలు చేయాలి. తేలికైన పరీక్ష పక్కనబెట్టి కష్టమైనవి ముందు చేయించడం ఏ లెక్కన సబబు?

మా వీధిలో ఒక అక్క ఉంది. టీచర్. ఐదేళ్ళపాటు మాత్రలు, సూదులు, మూడు ఊళ్ళ పసరు మందులు, రెండుసార్లు ల్యాపరోస్కోపీ. ఇంట్లో రెండో పెళ్ళి మాట కూడా వచ్చింది. ఆఖరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ "మీవారి రిపోర్టు లేకుండా నేను మందు రాయను" అని తేల్చి చెప్పింది. పరీక్షలో ఆయనకి కణాల సంఖ్య చాలా తక్కువని తేలింది. "గింత పరీక్షకు ఐదేండ్లు పట్టింది చెల్లే" అంది అక్క నాతో. అప్పటికి ఆమెకు 36. ఇప్పుడు వాళ్ళకో పాప. బావ కూడా మంచివాడే. ‘నాకేం లోపముంటది’ అన్న ధీమా ఆయనది. పోనీ నువ్వూ ఒకసారి చేయించుకో అని ఇంట్లో పెద్దవాళ్ళెవరూ అనలేదు, అంతే.

వీర్యకణాలు తగ్గడానికీ, మగతనానికీ సంబంధం లేదు. వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం, పాత ఇన్‌ఫెక్షన్, హార్మోన్ల తేడా, పొగ, గుట్కా, మందు, ఊబకాయం, కొలిమి లాంటి వేడిచోట పని, ఇలా కారణాలు అనేకం. జిమ్ముల్లో కండల కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వీర్యకణాల ఉత్పత్తినే ఆపేయగలవు. కొత్త కణాలు తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. అందుకే ఒక రిపోర్టు బాగాలేకపోతే కంగారుపడకుండా, అలవాట్లు మార్చుకుని మళ్ళీ చేయించాలి.

చికిత్స మెట్లు మెట్లుగా

చికిత్స అనగానే ఐవీఎఫ్ గుర్తొస్తోంది ఈమధ్య. హన్మకొండలో ఫెర్టిలిటీ సెంటర్ల బోర్డులు చీరల షాపుల బోర్డులతో పోటీపడుతున్నాయి. కానీ ఐవీఎఫ్ ఆఖరి మెట్లలో ఒకటి. అందరికీ అవసరం రాదు.

మొదటి మెట్టు సరిచేయదగ్గవి సరిచేయడం. థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగరు అదుపులోకి తేవడం. పీసీఓఎస్‌తో పాటు అధిక బరువు ఉంటే, ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో నెలసరి గాడిన పడుతుంది. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 8 కిలోలు.

రెండో మెట్టు అండం విడుదలకి మాత్రలు. ఇప్పుడు పీసీఓఎస్‌కి మొదట వాడేది లెట్రోజోల్. 2014లో అమెరికాలో 750 మంది మీద జరిగిన అధ్యయనంలో, పాత మందు క్లోమిఫిన్ వాడినవాళ్ళలో నూటికి 19 మందికి బిడ్డ పుడితే, లెట్రోజోల్ వాడినవాళ్ళలో 27 మందికి పైగా పుట్టారు. ఇవి వాడేటప్పుడు స్కానింగుతో అండం ఎదుగుదల చూస్తారు. మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేసుకునే మాత్రలు కావు.

మూడో మెట్టు ఐయూఐ. శుభ్రం చేసిన వీర్యకణాల్ని సరైన రోజున నేరుగా గర్భసంచిలోకి పంపడం. ట్యూబులు తెరిచి ఉన్నవాళ్ళకే ఇది పనికొస్తుంది. మూడు, నాలుగు సార్లకి ఫలితం లేకపోతే అదే చేస్తూ పోవడంలో అర్థం లేదు.

నాలుగోది ఐవీఎఫ్. పది, పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, అండాలు తీసి, ల్యాబులో పిండం చేసి గర్భసంచిలో ఉంచుతారు. 1978 జులై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ ఈ పద్ధతిలో పుట్టిన మొదటి బిడ్డ. అదే ఏడాది అక్టోబర్ 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో దుర్గ పుట్టింది. ఆయన మాట అప్పట్లో ప్రభుత్వం నమ్మలేదు, అవమానం పాలై 1981లో ఆత్మహత్య చేసుకున్నారు. గుర్తింపు దక్కింది ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకి. కణాలు మరీ తక్కువున్న మగవారికి 1992 నుంచి ఇక్సీ ఉంది. ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సూదితో పంపుతారు.

ట్యూబులు రెండూ మూసుకుపోయినప్పుడు, ఆయన కణాలు బాగా తక్కువైనప్పుడు, వయసు పైబడుతున్నప్పుడు ఐవీఎఫ్ సరైన దారే. అలాంటివాళ్ళు కింది మెట్ల దగ్గర ఏళ్ళు పోగొట్టుకోకూడదు. అయితే ఒక సైకిల్‌కి లక్షన్నర పైమాటే అవుతుంది, గ్యారంటీ ఉండదు. బ్రిటన్‌లో ప్రభుత్వ సంస్థ ప్రకటించే లెక్కల్లో సొంత అండాలతో 35 లోపు వారికి ఒకసారి పిండం ఉంచితే బిడ్డ పుట్టే అవకాశం మూడోవంతు చుట్టుపక్కల ఉంటుంది. 43, 44 ఏళ్ళకి నూటికి ఐదు చుట్టుపక్కలే. ఇంజెక్షన్ల తర్వాత పొట్ట బాగా ఉబ్బడం, ఆయాసం, మూత్రం తగ్గడం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఏ వయసులోనైనా పుడతారా?

2019 సెప్టెంబర్ 5న గుంటూరులో ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. తూర్పు గోదావరి జిల్లా నేలపర్తిపాడుకు చెందిన ఎర్రమట్టి మంగాయమ్మ 70 ఏళ్ళు దాటిన వయసులో ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లల్ని కన్నారు. పెళ్ళయిన అర్ధ శతాబ్దం దాటాక. ఆ తల్లి ఆరాటం ఎవరికైనా కళ్ళు చెమర్చేలా చేస్తుంది. కానీ ఆ వార్త చదివి ‘మనకింకా టైముంది’ అనుకున్నవాళ్ళు ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. అవి దాత ఇచ్చిన అండాలు. గర్భసంచికి మందులతో సాయం చేయొచ్చు. అండాల వయసుని ఏ మందూ తగ్గించలేదు.

ఇప్పుడు అలా చేయడం కుదరదు కూడా. 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఈ చికిత్సకి మహిళకి 50, పురుషుడికి 55 ఏళ్ళ పరిమితి ఉంది. అండదాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే దానం చేయాలి. ఆడా మగా ఎంచుకోవడం నేరం. అదే ఏడాది వచ్చిన సరోగసీ చట్టం డబ్బుకి గర్భం అద్దెకివ్వడాన్ని నిషేధించింది.

ఈ చట్టం తెలియకపోతే ఏమవుతుందో 2025 జులైలో సికింద్రాబాద్ సృష్టి ఫెర్టిలిటీ సెంటర్ కేసు చూపించింది. పోలీసులు చెప్పిన ప్రకారం, ఐవీఎఫ్ కోసం వచ్చిన జంటని సరోగసీకి ఒప్పించి, 30 లక్షలకు పైగా తీసుకుని, ఒక పసిబిడ్డని చేతిలో పెట్టారు. డీఎన్‌ఏ పరీక్షలో ఆ బిడ్డ వాళ్ళది కాదని తేలింది. వేరే పేద దంపతుల దగ్గర కొన్న బిడ్డ అని కేసు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. మనం నేర్చుకోవాల్సింది మాత్రం కోర్టు దాకా ఆగక్కర్లేదు. ‘సరోగసీ మేం చూసుకుంటాం, మీరు డబ్బు కట్టండి చాలు’ అనే మాట వినగానే లేచి వచ్చేయాలి.

సెంటర్‌లో అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా? ‘80 శాతం సక్సెస్’ అంటున్నది గర్భం పాజిటివ్ రావడమా, బిడ్డ పుట్టడమా? నా వయసు వాళ్ళలో ఎంత? మొత్తం ఖర్చు మందులతో కలిపి ఎంత, రాసిస్తారా? నాకు ఐవీఎఫ్ ఎందుకు, కింది మెట్టు ఎందుకు కాదు? జవాబు చెప్పడానికి విసుక్కునే చోట లక్షలు పోయొద్దు.

‘ఏఎంహెచ్ తక్కువుంది, వెంటనే ఐవీఎఫ్ చేయించకపోతే ఇక అంతే’ అని తొందరపెట్టడం కూడా వింటుంటాం. అండాలు ఎన్ని మిగిలాయో ఏఎంహెచ్ పరీక్ష సూచిస్తుంది. సహజంగా గర్భం వస్తుందో రాదో అది చెప్పలేదు. 2017లో అమెరికాలో 30 నుంచి 44 ఏళ్ళ మధ్య 750 మంది మహిళల మీద వచ్చిన అధ్యయనంలో, ఏఎంహెచ్ తక్కువున్నవాళ్ళకి సహజంగా గర్భం వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా తగ్గలేదు. ఆ నంబర్ ఒక్కటే చూసి భయపడొద్దు. వయసుతో, స్కానింగుతో కలిపి చూడమని అడగండి.

ముందే జాగ్రత్తపడొచ్చా?

అన్నీ మన చేతిలో ఉండవు. ఉన్నవి మాత్రం చిన్నవేం కాదు.

ఆడపిల్లకి నెలసరి తప్పుతున్నా, నొప్పి ఎక్కువున్నా పెళ్ళి దాకా ఆగకుండా చూపించండి. తెల్లబట్ట దుర్వాసనతో, పొత్తికడుపు నొప్పితో, జ్వరంతో వస్తే సిగ్గుపడి దాచొద్దు. భార్యాభర్తలిద్దరూ మందులు వాడాలి. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే గర్భనిరోధక పద్ధతి వాడండి. మామూలు మాత్రలు, కాపర్‌టీ మానేశాక గర్భం రాదన్నది అపోహ. అబార్షన్ అవసరమైతే మెడికల్ షాపు మాత్రలతో ఇంట్లో కానివ్వొద్దు. గుర్తింపున్న ఆసుపత్రిలో చేయించుకోవడం చట్టబద్ధమే.

ఇంకోటి. రక్తస్రావం ఎక్కువైందనో గడ్డలున్నాయనో గర్భసంచి తీసేయించుకోవడంలో మన రెండు తెలుగు రాష్ట్రాలు దేశంలో ముందున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో ఇలాంటివాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. చిన్న వయసులో ఎవరైనా గర్భసంచి తీసేద్దామంటే ఇంకో డాక్టర్ని అడక్కుండా ఒప్పుకోకండి. అండాశయం మీద ఆపరేషన్ అన్నా అంతే. అనవసరంగా కోస్తే మంచి అండాలూ పోతాయి.

పిల్లల కోసం అనుకున్న రోజు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకి 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలి. ఇది గర్భం తెప్పించే మందు కాదు, పుట్టబోయే బిడ్డ వెన్నుపాముకి రక్ష. పొగ, మందు, గుట్కా మానాలి, ఇద్దరూ.

ఎక్కడికి వెళ్ళాలి?

మొదటి పరీక్షలకి కార్పొరేట్ మెట్లెక్కక్కర్లేదు. హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, వరంగల్ సీకేఎం ఆసుపత్రి, ఎంజీఎం మనకు దగ్గర్లోనే ఉన్నాయి. స్త్రీ వైద్య నిపుణుల సలహా అక్కడ దొరుకుతుంది. పెద్ద చికిత్సకి సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబర్‌లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు. వెళ్ళే ముందు ఏ సేవలు ఏ రోజుల్లో ఉన్నాయో కనుక్కుని వెళ్ళండి. ప్రైవేటు సెంటర్ మోసం చేసిందనిపిస్తే జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సోమవారం సుబేదారి కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. బిల్లులు, రిపోర్టులు పారేయకండి, అవే మీ సాక్ష్యం.

ఇన్ని చేసినా కొందరికి ఫలితం రాదు. అది ఓటమి కాదు. దత్తత దారి ప్రభుత్వ సంస్థ కారా ద్వారా చట్టబద్ధంగా తెరిచే ఉంది. ఇద్దరమే చాలనుకుని హాయిగా బతికేవాళ్ళూ ఉన్నారు. ఎక్కడ ఆగాలన్నది వాళ్ళిద్దరి నిర్ణయం, చుట్టాలది కాదు.

కొత్తగా మొదలుపెడుతున్న జంటకి చెప్పేది ఇదీ. మొదటిరోజు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆమె గత ఆరు నెలల నెలసరి తేదీలు కాగితం మీద రాసుకోండి. పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకోండి. ఆమెకి థైరాయిడ్, ప్రొలాక్టిన్, స్కానింగ్, ఆయనకి వీర్య పరీక్ష. ఈ నాలుగూ ఒకే వారంలో అయిపోతాయి. అత్తమ్మలకీ ఒక మనవి. చీటీ రాయించుకునేటప్పుడు కోడలి పేరుతో పాటు కొడుకు పేరు కూడా రాయించండి.